ఎర్ర జిగురు పొరకు కెమిక్లీన్: చేసే పని, చేయని పని

రీఫ్ అక్వేరియంలో, అంటే పగడాలను పెంచే ఉప్పునీటి ట్యాంకులో, ఇసుక మీదా రాళ్ల మీదా ముదురెరుపు రంగులో జిగురు పొరలా పరుచుకునే సైనోబాక్టీరియాను వదిలించడానికి దొరికే మందులలో, బాయిడ్ ఎంటర్‌ప్రైజెస్ వారి కెమిక్లీన్ పొడికి చాలాకాలంగా మంచి పేరుంది. రెండు గ్రాముల చిన్న డబ్బా 300 గ్యాలన్ల నీటికి, అంటే సుమారు 1,135 లీటర్లకు సరిపోతుంది కాబట్టి సాధారణ పరిమాణంలో ఉన్న ట్యాంకుకు ఒక డబ్బా కొంటే అది తరచుగా ఒకటికి రెండుసార్లు పనికివస్తుంది. తీర్పును చివరిదాకా దాచిపెట్టడం ఎందుకు? ఈ పొడి తాను చేస్తానన్న పనిని చేస్తుంది. రెండు రోజులలో ఎర్ర పొర మాయమవుతుంది, సూచనలను పాటిస్తే చేపలకూ పగడాలకూ హాని జరగదు. అయితే ఆ పొర ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు దీని దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతకకుండా పొడి వేసిన ట్యాంకులో కొన్ని వారాలకే ఇసుక మళ్లీ ఎరుపెక్కుతుంది, నింద మాత్రం మందు మీద పడుతుంది. అందువల్ల పొడి గురించి ఎంత చెబుతానో, పొడి వేయడానికి ముందూ తరువాతా చేయవలసిన పనుల గురించీ అంతే చెప్పవలసి వస్తోంది.

మొదట చూడవలసింది ట్యాంకులో ఉన్నది నిజంగా సైనోబాక్టీరియానేనా అన్నది. ఈ మందు పనిచేయలేదని చెప్పేవారిలో కొందరి ట్యాంకులను చూసినప్పుడు అక్కడ ఉన్నది సైనో కాదు, డైనోఫ్లాజెల్లేట్లు అనే మరో రకం సూక్ష్మజీవులు. రెండూ జిగురుగానే ఉంటాయి, రెండింటి మీదా గాలి బుడగలు కనిపిస్తాయి, రెండూ రాత్రికి తగ్గినట్టుండి పగటి వెలుతురులో మళ్లీ పెరుగుతాయి. తేడా దగ్గరగా చూస్తే తెలుస్తుంది. సైనో పొర ఒక్క పరుపులా ఉంటుంది. సన్నని గొట్టాన్ని దాని అంచున పెట్టి పీలిస్తే అది తడి గుడ్డలా ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది, కింద ఇసుక తెల్లగా బయటపడుతుంది. మధ్యాహ్నానికి పొర కింద ఆక్సిజన్ బుడగలు చేరి దాన్ని అక్కడక్కడ గుబ్బలుగా పైకి లేపుతాయి, అంచులు చుట్టుకుపోతాయి. డైనోఫ్లాజెల్లేట్లు గోధుమ రంగులో, చీమిడి తీగల్లా రాళ్ల కొసల నుంచి నీటి ప్రవాహంలో వేలాడుతుంటాయి, ఆ తీగల కొసలను బుడగలు పట్టుకుని ఉంటాయి. డయాటమ్‌లనే సూక్ష్మ నాచు అయితే జిగురు ఉండదు, గోధుమరంగు దుమ్ము చల్లినట్టుంటుంది, వేలితో తుడిస్తే పొడిలా చెదిరిపోతుంది.

కంటితో తేల్చుకోలేకపోతే రెండు మార్గాలున్నాయి. జిగురును కొంత సీసాలోకి తీసుకుని, ట్యాంకు నీటితోనే బాగా కుదిపి, పల్చటి వడపోత కాగితం గుండా వడగట్టి, వడిసిన నీటిని గంటసేపు వెలుతురులో ఉంచాలి. డైనోఫ్లాజెల్లేట్లయితే అవి మళ్లీ ఒకదానికొకటి అతుక్కుని తీగలు కడతాయి, సైనో అయితే ఆ నీరు దాదాపు తేటగానే ఉండిపోతుంది. రెండవ మార్గం సూక్ష్మదర్శిని. పిల్లలు బడిలో వాడే స్థాయిది, 400 రెట్లు పెద్దదిగా చూపించేది ఉంటే చాలు. సైనోబాక్టీరియా పొడవైన సన్నని దారాల్లా కనిపిస్తుంది. ఆ దారాలు అడ్డగీతలతో గదులు గదులుగా విడివడి ఉంటాయి, కొన్ని జాతులలో అవి మెల్లగా జారుతూ కొసలను అటూ ఇటూ ఊపుతూ ఉంటాయి. డైనోఫ్లాజెల్లేట్లు విడివిడి కణాలుగా, గింజల ఆకారంలో, తమ చుట్టూ తాము తిరుగుతూ ఈదుతాయి. ఈ పరీక్షకు పట్టే సమయం తక్కువే. సైనో కోసం చేసిన మందును డైనోఫ్లాజెల్లేట్ల మీద వాడితే వాటితో పోటీపడే బాక్టీరియా తగ్గి అవి మరింత విజృంభించే ప్రమాదం ఉంది. ఆ తప్పు దిద్దుకోవడానికి నెలలు పట్టవచ్చు.

సైనోబాక్టీరియా నాచు కాదు, కిరణజన్య సంయోగక్రియ చేసే బాక్టీరియా. దాదాపు 240 కోట్ల సంవత్సరాల క్రితం భూమి వాతావరణంలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలవడానికి కారణం వీటి పూర్వీకులే. అంతకాలంగా బతికివస్తున్న జీవిని ఒక గాజు పెట్టెలో పూర్తిగా లేకుండా చేయగలమనుకోవడం అత్యాశ, ఏ మందూ ఆ హామీ ఇవ్వలేదు. ఎరుపు రంగు ఫైకోఎరిథ్రిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. అదే కుటుంబంలో ముదురాకుపచ్చగానూ, నల్లగానూ ఉండే రకాలు కూడా ఉన్నాయి కాబట్టి రంగును బట్టి మాత్రమే నిర్ణయానికి రాకూడదు. చేపల మేతలో కలిపే స్పిరులినా కూడా సైనోబాక్టీరియానే, మనం డబ్బులిచ్చి ట్యాంకులో వేసేదీ, డబ్బులిచ్చి తీయించుకునేదీ ఒకే కులానికి చెందినవి.

ఇది బాక్టీరియా అన్న సంగతి వైద్యానికి అసలు ఆధారం. నాచును తినే నత్తలు దీన్ని పెద్దగా ముట్టవు. నాచును చంపే మందులు దీనికి సరిపోవు. బాక్టీరియాను దెబ్బతీసేది మాత్రం దీన్నీ దెబ్బతీస్తుంది. అక్కడే అనుమానమూ మొదలవుతుంది: బాక్టీరియాను చంపే పొడి, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చి ట్యాంకుకు ప్రాణాధారమైన నైట్రిఫికేషన్ బాక్టీరియాను వదిలిపెడుతుందా? సూచించిన మోతాదులో వాడినప్పుడు నేను అమ్మోనియాను రోజూ కొలిచి చూశాను, అది కొలవదగినంతగా పెరగలేదు. రాళ్ల లోపలి పొరల్లో, ఇసుక లోతుల్లో, జీవపు పొరల మధ్య దాగి ఉండే ఆ బాక్టీరియాకు వెలుతురులో పైపైన పరుచుకున్న సైనోకు తగిలినంత దెబ్బ తగలదని నా అభిప్రాయం. అయినా కొత్తగా పెట్టిన, ఇంకా నిలదొక్కుకోని ట్యాంకులో ఈ పొడి వాడమని నేను ఎవరికీ చెప్పను. అక్కడ వచ్చే ఎర్ర పొర చాలాసార్లు కొత్త ట్యాంకు దాటి వెళ్లే దశలలో ఒకటి, ఓపిక పడితే అదే వెనక్కి తగ్గుతుంది.

ఇక వాడకం. పెట్టెతో వచ్చే చిన్న చెంచాతో పది గ్యాలన్లకు, అంటే సుమారు 38 లీటర్లకు, ఒక చెంచా చొప్పున వేయాలి. లెక్క ఇక్కడే చాలామంది చేతిలో తప్పుతుంది. ట్యాంకు మీద రాసి ఉన్న పరిమాణం నీటి పరిమాణం కాదు. 300 లీటర్ల ట్యాంకులో రాళ్లూ ఇసుకా కలిసి 50 లీటర్ల చోటు ఆక్రమించి, కింద సంపులో, అంటే వడపోత సామగ్రి ఉండే తొట్టెలో, మరో 80 లీటర్లు ఉంటే, అసలు నీరు 330 లీటర్లు. దాన్ని 38తో భాగిస్తే ఎనిమిదిన్నర చెంచాల కంటే కాస్త ఎక్కువ వస్తుంది, ఎనిమిదిన్నర వేస్తే సరిపోతుంది. చెంచాను ఒత్తి నింపకుండా, పైభాగాన్ని సమంగా గీసి వాడాలి. పొడిని నేరుగా ట్యాంకులో చల్లకుండా ఒక గ్లాసు ట్యాంకు నీటిలో పూర్తిగా కరిగించి, ప్రవాహం బలంగా ఉన్నచోట నెమ్మదిగా పోయడం మంచిది. కరగని రేణువు నేరుగా పగడం మీద పడనివ్వకూడదు. చాలా చిన్న ట్యాంకులకు ఈ చెంచా కొలత మోటుగా అనిపిస్తుంది. అటువంటప్పుడు ఒక చెంచా పొడిని తెలిసిన పరిమాణంలో నీటిలో కలిపి, అందులోంచి కావలసిన భాగాన్ని సిరంజితో తీసుకుంటే కచ్చితత్వం పెరుగుతుంది.

పొడి వేయడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది, దాన్ని సూచనల కంటే ముఖ్యమైనదిగా నేను భావిస్తాను: కంటికి కనిపించే పొరను వీలైనంత సైఫన్ గొట్టంతో లాగివేయడం. నీటి మార్పిడి చేసే రోజున సన్నని గొట్టంతో పొరను పీల్చి, ఆ నీటిని సన్నని వల సంచీ గుండా పోనిచ్చి పారబోస్తే, పొరలో సగానికి పైగా ట్యాంకు నుంచి బయటికి వెళ్లిపోతుంది. దాన్ని అక్కడే చంపితే కుళ్లేది ట్యాంకులోనే. కుళ్లే ప్రతి గ్రామూ ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది, తనలో దాచుకున్న నత్రజనిని, భాస్వరాన్ని మళ్లీ నీటిలోకి వదులుతుంది. మందు వేశాక ఫాస్ఫేట్ పెరిగిందని ఆశ్చర్యపోయేవారు ఆ ఫాస్ఫేట్ మొదటినుంచీ ఆ ఎర్ర పొరలోనే ఉందన్న సంగతి గుర్తు చేసుకోవాలి.

ఆక్సిజన్ విషయంలో ఏ మాత్రం అశ్రద్ధ పనికిరాదు. 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) లవణత ఉన్న ఉప్పునీరు 26 డిగ్రీల వేడిలో పూర్తిగా నిండినా లీటరుకు ఏడు మిల్లీగ్రాముల లోపే ఆక్సిజన్‌ను పట్టుకోగలదు. మంచినీటి ట్యాంకుకు ఉండే వెసులుబాటు దీనికి లేదు. ఆ కొంచెంలోంచే చేపలూ, పగడాలూ, కుళ్లిపోతున్న సైనో మీద పడే ఇతర బాక్టీరియా అన్నీ పంచుకోవాలి. అంతకుముందు పగటిపూట ఆక్సిజన్ విడుదల చేసిన ఆ పొర కూడా ఇప్పుడు చచ్చిపోయింది. తయారీదారుల సూచనలలో ఎయిర్ స్టోన్, అంటే నీటిలోకి సన్నని గాలి బుడగలు వదిలే రాయి, పెట్టమని స్పష్టంగా ఉంటుంది, దాన్ని చదివి వదిలేయకూడదు. ట్యాంకులో ఒకటి, సంపులో ఒకటి పెట్టి, ట్యాంకులో నీటిని కదిలించే చిన్న పంపును, అంటే ఒక పవర్‌హెడ్‌ను, నీటి ఉపరితలం బాగా కదిలేలా పైకి తిప్పి ఉంచడం నాకు నమ్మకమైన ఏర్పాటు. ప్రమాదం ఎక్కువగా ఉండేది తెల్లవారుజామున, వెలుతురు రాకముందు. ఆ వేళ చేపలు నీటి పైభాగానికి చేరి వేగంగా మొప్పలాడిస్తుంటే అది హెచ్చరిక.

యాక్టివేటెడ్ కార్బన్ తీసివేయాలి, లేకపోతే అది మందునే పీల్చేస్తుంది. యూవీ దీపాన్నీ, ఓజోన్ యంత్రాన్నీ ఆపాలి. నురగతో వ్యర్థాలను కప్పులోకి తీసే స్కిమ్మర్ గురించి మాత్రం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పొడి పట్ల వచ్చే విసుగులో ఎక్కువ భాగం అక్కడిదే. పొడి కలిసిన నీటిలో స్కిమ్మర్ నురగ అదుపు తప్పుతుంది. కప్పు నిమిషాలలో నిండి పొంగుతుంది, పొంగినది సంపు బయట పడితే నేలంతా ఉప్పునీరే. స్కిమ్మర్‌ను పూర్తిగా ఆపేస్తే పొంగడం ఉండదు కానీ, గాలిని నీటిలో కలిపే మంచి సాధనం ఒకటి పోతుంది. కప్పును తీసివేసి, మెడ తెరిచే ఉంచి, నురగ తిరిగి సంపులోనే పడేలా నడపడం నాకు మధ్యేమార్గంగా కనిపించింది. దానివల్ల సంపు అంతా బుడగలు కమ్ముకుంటాయి, కొన్ని పైన ట్యాంకులోకి కూడా వస్తాయి, నీరు రెండు రోజులు పొగమంచు కమ్మినట్టుంటుంది. చూడడానికి బాగుండదు, కానీ చేపలకు కావలసింది ఆ గాలే.

మొదటి రోజు గడిచేసరికి పొర రంగు ముందు మారుతుంది. ముదురెరుపు పాలిపోయి బూడిదరంగు కలిసిన గులాబీ రంగులోకి దిగుతుంది. పగటిపూట పొర కింద చేరే బుడగలు అప్పటికే కనిపించవు, సైనో ఊపిరి ఆగిందనడానికి నేను చూసే మొదటి గుర్తు అదే. రెండవ రోజు మధ్యాహ్నానికి పొర అంచులు విడిపోయి చిన్న చిన్న తునకలుగా నీటిలో తేలుతాయి. ఈ దశలో బాస్టర్ అనే పెద్ద పిచికారీ గొట్టంతో రాళ్ల మీద నీటిని చిమ్మి, తేలిన తునకలను వడపోత సంచీలోకి వెళ్లేలా చేసి, ఆ సంచీని పూటకోసారి మార్చడం మంచిది. 48 గంటలు నిండేసరికి ఇసుక తెల్లబడుతుంది. రాళ్ల పగుళ్లలో, నీడలో, మూలల్లో కొంత మరక మిగలవచ్చు, దానికోసం కంగారుపడి మోతాదు పెంచకూడదు.

48 గంటల తరువాత సూచనల ప్రకారం 20 శాతం నీటిని మార్చాలి. ఇక్కడ నేను సూచనలకు కొంత చేర్చి, ఒకటి రెండు రోజుల తేడాతో ఇంకో మార్పిడి కూడా చేస్తాను, మధ్యలో తాజా యాక్టివేటెడ్ కార్బన్‌ను పెడతాను. కొత్త నీరు లవణతలోనూ, వేడిలోనూ ట్యాంకు నీటితో సరిపోలాలి: 25 డిగ్రీల వద్ద 35 పీపీటీ అంటే సాపేక్ష సాంద్రత 1.026. అప్పటికే ఒత్తిడిలో ఉన్న పగడాలకు ఆల్కలినిటీలో, అంటే నీటి క్షారతలో, హఠాత్తు మార్పు అదనపు దెబ్బ అవుతుంది కాబట్టి కొత్త ఉప్పు కలిపిన నీటి ఆల్కలినిటీని పోయడానికి ముందే కొలవడం మంచిది. స్కిమ్మర్ నురగ దారికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది, కొన్ని ట్యాంకులలో వారం కూడా పట్టవచ్చు. కప్పును వెంటనే బిగించి నేల తుడుచుకోవడం కంటే, నీటి మట్టాన్ని తగ్గించి, గాలిని కొంత మూసి, మెల్లగా పాత స్థితికి తేవడం మేలు.

మిగతా జీవులు ఎలా ఉన్నాయన్నది కొనేవారు అడిగే మొదటి ప్రశ్న కాబట్టి ఆ విషయం. నా ట్యాంకులో గట్టి పగడాలు మొదటి రోజు పాలిప్‌లను (తమ చిన్న మెత్తని శరీరాలను) కాస్త లోపలికి లాక్కున్నాయి, నీటి మార్పిడి తరువాత మళ్లీ చాచాయి. మెత్తని పగడాలలో జోవాంథిడ్‌లు కొన్ని గంటలు ముడుచుకున్నాయి. రొయ్యలూ, నత్తలూ, సన్యాసి పీతలూ మామూలుగానే తిరిగాయి. సంపులో పెంచే కీటోమార్ఫా నాచు రంగు మారలేదు. ఇదంతా ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న ట్యాంకు కథ. చేపలు కిక్కిరిసి, ఉపరితలం కదలక, పొరను ముందుగా తొలగించకుండా పొడి వేసిన ట్యాంకులో ఫలితం ఇలాగే ఉంటుందని నమ్మడానికి లేదు, అక్కడ పొడికంటే ముందు చేపలను ఊపిరాడనివ్వనిది కుళ్లే.

ఈ పొడిలో ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ లేదని, ఇది ఆక్సీకరణం ద్వారా పనిచేస్తుందని తయారీదారులు చెబుతారు. అందులో ఉన్నవి ఏమిటో పూర్తి కూర్పు మాత్రం డబ్బా మీద ఉండదు. వ్యాపార రహస్యం అన్న మాట నాకు అర్థమవుతుంది, కానీ ఏళ్ల తరబడి పెంచిన పగడాలున్న నీటిలో కలిపే పదార్థం గురించి కొనేవారికి ఇంకాస్త తెలియాలి అన్నది నా పక్షం. అందుకే నేను దీన్ని బాక్టీరియాను చంపే ఏ మందునయినా చూసినంత జాగ్రత్తగానే చూస్తాను: నెలనెలా అలవాటుగా వేయను, సగం మోతాదుతో ముందు జాగ్రత్తగా వేయను, మందు కలిసిన నీటిని చెరువుల్లో, కాలువల్లో పోయను.

పోటీగా ఉన్న దారులను క్లుప్తంగా చెబుతాను. ఎరిత్రోమైసిన్ సైనోను చంపుతుంది, కానీ అది మనుషుల వైద్యంలో వాడే యాంటీబయాటిక్. దాన్ని అలంకార ట్యాంకులో పోసి, ఆ నీటిని బయటికి వదలడం అంటే నిరోధకత పెరగడానికి మన వంతు సాయం చేయడమే, అందుకని ఆ దారి నాకు సమ్మతం కాదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ చిన్న ప్రదేశాలలో, నీటి నుంచి బయటికి తీసిన రాయి మీద బాగా పనిచేస్తుంది, ట్యాంకంతటికీ పోసినప్పుడు కొన్ని రొయ్యలు దాన్ని తట్టుకోవు. మూడు రోజులు ట్యాంకును పూర్తిగా చీకటిలో ఉంచే పద్ధతి ఖర్చు లేనిది, పగడాలు ఆ మూడు రోజులు తట్టుకుంటాయి. కానీ సైనో దారాలలో కొన్ని ప్రాణంతోనే మిగులుతాయి, వెలుతురు తిరిగి రాగానే అవి పుంజుకుంటాయి. చీకటి పద్ధతిని పొర తొలగింపుతోనూ, ప్రవాహం పెంచడంతోనూ కలిపితే కొన్ని ట్యాంకులలో అసలు మందే అవసరపడదు. సీసాలలో అమ్మే మేలుచేసే బాక్టీరియా ద్రవాల విషయంలో నా అనుభవం మిశ్రమం. పేరు చెప్పనక్కరలేని ఒకటి నా ట్యాంకులో కొన్ని వారాలు ఏ తేడా చూపలేదు, నీటిని మాత్రం రోజూ మసకబార్చింది. అవి మడ్డిని కరిగించడంలో తోడ్పడవచ్చు, కనిపించే పొరను తీయడంలో ఈ పొడితో పోటీ పడలేవు.

ఇక అసలు విషయానికి రావాలి, అంటే పొడి వేసిన తరువాతి వారాలకు. సైనో పేరుకునే చోటు ఎప్పుడూ యాదృచ్ఛికం కాదు. ట్యాంకును పక్క నుంచి చూస్తే ఎర్ర పొర రాళ్ల వెనుకనో, మూలలోనో, రెండు పవర్‌హెడ్‌ల ప్రవాహాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే చోటనో మొదలవుతుంది. చిటికెడు మేతను నీటిలో వదిలి అది ఎక్కడ ఆగి నేలకు దిగుతుందో గమనిస్తే, పొర మొదలైన చోటు దాదాపు అదే అవుతుంది. ఆగిన చోట మడ్డి చేరుతుంది, మడ్డి కుళ్లి అతి సన్నని పొరలో ఫాస్ఫేట్‌ను వదులుతుంది, నీటిలో కొలిస్తే కనిపించని ఆ ఆహారం సైనోకు అక్కడే అందుతుంది. అందుకే పరీక్ష పట్టీలో ఫాస్ఫేట్ సున్నా చూపిస్తున్నా ఇసుక ఎర్రబడుతుంది. ట్యాంకు పరిమాణానికి గంటకు 20 నుంచి 40 రెట్ల ప్రవాహం పగడాల ట్యాంకుకు సాధారణంగా సరిపోతుంది, కానీ ఆ సంఖ్య కంటే ప్రవాహం ఎటు పోతోందన్నది ముఖ్యం. ఒక పవర్‌హెడ్‌ను కొంచెం పక్కకు తిప్పడం వల్ల వచ్చిన మార్పు, నా ట్యాంకులో మరే మందూ ఇవ్వలేదు. ఇసుకను పైపైన కదిలించే స్ట్రాంబస్ నత్త ఉంటే ఆ సాయం అదనం.

పోషకాల విషయంలో రెండు అతులూ సైనోకే లాభం. ఫాస్ఫేట్ ఎక్కువైతే అది తింటుంది. నైట్రేట్ సున్నాకు పడిపోతే పగడాలూ, మంచి నాచూ ఆకలితో తగ్గుతాయి, కొన్ని సైనోబాక్టీరియా జాతులు నీటిలో కరిగిన నత్రజని వాయువునే ఆహారంగా మార్చుకోగలవు కాబట్టి అవి మిగిలిపోతాయి. సముద్రంలో ట్రైకోడెస్మియం అనే సైనోబాక్టీరియా చేసే పని ఇదే. సముద్ర శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ సముద్రపు సూక్ష్మజీవుల గురించి గమనించిన నిష్పత్తి, అంటే భాస్వరం ఒక పరమాణువుకు నత్రజని 16 పరమాణువులు అన్నదాన్ని అక్వేరియం పెంచేవారు చాలా ఇష్టంగా ఉదహరిస్తారు. అది పరమాణువుల లెక్క అని మరిచిపోయి, నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ పీపీఎంలో (బరువు ప్రకారం పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు అన్న కొలతలో) 16కు ఒకటిగా సరిచేయబోతారు. బరువు లెక్కలోకి మారిస్తే అది పదికి ఒకటి దగ్గర వస్తుంది. ఆ సంఖ్యను గురిగా పెట్టుకోనక్కరలేదు. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం మధ్య, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలకడగా ఉంటే చాలు, నిలకడ అన్న మాటకే బరువెక్కువ.

కొలిచే సాధనం కూడా నమ్మదగినదై ఉండాలి. రంగు చూసి పోల్చుకునే ఫాస్ఫేట్ పరీక్షలు తక్కువ స్థాయిలో అంతగా తేడా చూపవు. హన్నా వారి హెచ్ఐ736 లాంటి చేతి కొలమానం ఈ పనికి మెరుగు. అది భాస్వరాన్ని పీపీబీలో (వంద కోట్ల పాళ్లలో ఎన్ని పాళ్లు అన్న కొలతలో) చూపిస్తుంది కాబట్టి వచ్చిన అంకెను 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి: తెర మీద 20 కనిపిస్తే ఫాస్ఫేట్ 0.06 పీపీఎం. దాన్ని తగ్గించడానికి ఇనుప ఆక్సైడ్ గుళికలు పెట్టేవారు, మొదటి వారం సగం మోతాదుతో మొదలుపెట్టాలి. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాల కొసలు తెల్లబడతాయి. జీవం లేని ఎండు రాళ్లతో పెట్టిన ట్యాంకులలో ఆ రాళ్లే నెలల తరబడి ఫాస్ఫేట్‌ను వదులుతుంటాయి, అక్కడ గుళికలను మార్చడం కొంతకాలం తప్పదు.

వోడ్కానో, వినిగర్‌నో రోజూ కొలిచి పోసి నైట్రేట్ తగ్గించే పద్ధతిలో ఉన్నవారికి ఒక మాట. వాటిలోని కర్బనం ఆహారంగా మనం కోరుకున్న బాక్టీరియాకే కాక మనం కోరుకోనిదానికీ అందుతుంది. మోతాదు పెంచిన కొన్నాళ్లకు ఎర్ర పొర కనిపిస్తే పొడి డబ్బా తెరవడానికి ముందు ఆ మోతాదును సగానికి తగ్గించి చూడాలి. మేతలో, ముఖ్యంగా ఘనీభవింపజేసిన మేతలో ఉండే రసాన్ని వడగట్టి పారబోసి గట్టిభాగాన్ని మాత్రమే వేయడం, నీటిని ఆర్‌ఓ డీఐ శుద్ధి యంత్రం నుంచి టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల కొలత) సున్నా చూపించినప్పుడే తీసుకోవడం, వడపోత సంచులను రెండు మూడు రోజులకొకసారి మార్చడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. చేసేవారే తక్కువ. దీపాల విషయంలో మాత్రం నేను చాలామందితో ఏకీభవించను. వెలుతురు గంటలు ఒకటి రెండు తగ్గించడం వల్ల పొర కాస్త నెమ్మదిస్తుంది, కానీ దీపం రంగు మారిస్తే సైనో పోతుందన్నది నేను చూసినంతలో నిలబడలేదు.

పొడి రెండవసారి వేయవలసి వస్తే, నీటి మార్పిడి అయ్యాక కనీసం కొన్ని రోజులు ఆగి, అమ్మోనియానూ, ఫాస్ఫేట్‌నూ కొలిచి, స్కిమ్మర్ మామూలు స్థితికి వచ్చాకే వేయడం మంచిది. రెండవసారి కూడా పొర మొదట వచ్చిన చోటనే, అదే ఆకారంలో తిరిగి వస్తే మూడవ మోతాదుకు బదులు ఆ చోట నీటి ప్రవాహాన్ని పరిశీలించాలి. మిగిలిన పొడి తేమ తగిలితే గడ్డకట్టి చెంచా కొలత తప్పుతుంది కాబట్టి మూత గట్టిగా బిగించి, సంపు ఉన్న అరలో కాకుండా పొడిగా ఉండే చోట పెట్టాలి. చేపలు పలుచగా ఉండి, స్కిమ్మర్ బాగా పనిచేస్తూ, ఏడాదికి పైగా నిలదొక్కుకున్న ట్యాంకులో, ప్రవాహం సరిదిద్దిన తరువాత కూడా వదలని ఎర్ర పొరకు ఈ పొడిని నేను నిస్సంకోచంగా సూచిస్తాను. కొత్త ట్యాంకుకూ, చేపలు కిక్కిరిసిన ట్యాంకుకూ, డైనోఫ్లాజెల్లేట్లని అనుమానం ఉన్న ట్యాంకుకూ మాత్రం సూచించను.